ఇల్లూ వాకిలీ : గోడ వెనుక ఇసుక

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. పెళ్లి సంగతి యీ శీర్షికకు సంబంధించినది కాదు గాని, ఇల్లు కట్టినవారి కష్టాలు మాత్రం ప్రతి నెలా టపాలో మా దగ్గరకు వస్తూనే వుంటవి. యీ నెల వచ్చినవాటిలో ఒక జాబు మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది.

వ్రాసినవారు మన చందాదారుల ఇంటి కోడలు. మూడు తరాలుగా తమిళనాడులో స్థిరపడిన కుటుంబం. వారి ఇల్లు మెరక మీద వున్నది. పెరటి వైపు నేల పల్లం. ఆ అంచున పది అడుగుల ఎత్తు రాతిగోడ కట్టి, దాని వెనుక ఏటి ఇసుక నింపి, పైన గచ్చు చేయించుకున్నారు. ఇప్పుడు ఆ గోడ పైభాగం రెండు అంగుళాలు బయటికి వాలింది. గోడకు ఐదారు అడుగుల ఇవతల గచ్చు మీద పొడుగునా ఒక బీట కనిపించింది.

"ఇరవై ఏళ్ల కిందటే కొంచెం వాలింది, వాలి ఆగింది, ఆగిన గోడ జోలికి పోవద్దని మా మామగారు అంటారు. జాకీలు పెట్టి వెనక్కు నెట్టించి, బీటలో సిమెంటు పోయిద్దామని మా వారు అంటారు. ఎవరి మాట వినమంటారు?" అని ఆ సోదరి అడిగారు. చివర మరొక వాక్యం చేర్చారు: "గోడ కింద పల్లంలో ఒక రేకుల ఇల్లు వున్నది. అందులో ముగ్గురు పిల్లలు."

ఆ చివరి వాక్యం చదివిన తరువాత యీ నెల శీర్షిక అంతా ఆ గోడకే ఇవ్వవలెనని నిశ్చయించుకున్నాము.

జవాబు చెప్పే ముందు, గోడ కదిలినప్పుడు దాని వెనుక ఇసుక ఏం చేస్తుందో తెలుసుకోవలె. ఇది ఇంట్లో చేసి చూడదగిన పనే. చేపలు పెంచే పాత గాజుతొట్టి ఒకటి తీసుకోండి. అందులో అడ్డంగా సరిగ్గా పట్టే చెక్కపలక ఒకటి నిలబెట్టి, జారకుండా చేత్తో పట్టుకోండి. పలకకు ఒక వైపున బాగా ఎండిన, జల్లించిన ఇసుక పోయండి. అంగుళం మందం పోసినప్పుడల్లా గాజును ఆనుకొని సన్నగా ఇటుకపొడి చల్లండి. జానెడు ఎత్తు వచ్చేసరికి గాజులో నుంచి ఎర్రని గీతలు వరుసగా, మట్టంగా కనిపిస్తవి. పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకొని చేయండి. వాళ్ల కళ్లు మన కళ్లకంటె చురుకైనవి.

ఇప్పుడు పలకను ఇసుకకు దూరంగా, వడ్లగింజ మందం, మెల్లగా జరపండి. ఇసుక అంతా కదులుతుందని మనం అనుకుంటాము. కాని అలా జరగదు. పలకను ఆనుకొని వున్న ఒక ముక్కోణపు ముక్క మాత్రమే కిందికి జారుతుంది. దాని వెనుక వున్న ఇసుకలో ఒక్క రేణువు కూడా కదలదు. ఎర్రగీతలు ఒక ఏటవాలు వరుసలో తెగిపోయి, ముక్కోణం లోపలి భాగం కొద్దిగా దిగి కనిపిస్తుంది. ఆ వాలు గీత పలక అడుగున మొదలై, నిటారుగానే పైకిపోతుంది. ఇసుక రకాన్ని బట్టి కొంత తేడా వుంటుంది గాని, నేలతో సుమారు 60 డిగ్రీల కోణం అనుకోవచ్చును. అది పైకి వచ్చి తేలిన చోట ఇసుక మీద చిన్న మెట్టు ఏర్పడుతుంది. మన సోదరి ఇంటి గచ్చు మీద బీట అంటే యీ మెట్టే. పది అడుగుల గోడకు 60 డిగ్రీల గీత గీస్తే అది పైన ఐదు అడుగుల తొమ్మిది అంగుళాల దూరంలో తేలుతుంది. వారు వ్రాసిన ఐదారు అడుగులు అదే లెక్క.

తరువాత ఇసుకను మళ్లీ సర్ది, యీసారి పలకను లోపలికి, ఇసుక మీదికి నెట్టి చూడండి. చేతికే తేడా తెలుస్తుంది. పలక మొండికేస్తుంది. గట్టిగా నెడితే ఇసుక పైకి పొంగుతుంది. తెగిన గీత యీసారి నిటారుగా వుండదు. సుమారు 30 డిగ్రీల వాలులో పల్లంగా సాగి, పలకకు చాలా దూరంలో పైకి తేలుతుంది. మొదటిసారి కదిలిన ముక్కోణానికి మూడు రెట్ల పొడవున ఇసుక కదులుతుంది.

ఇలా ఎందుకు జరుగుతుంది? లారీ నుంచి బియ్యపు బస్తాను పలక మీదుగా దించే హమాలీని చూడండి. బస్తా జారుతుంటే పలకకూ బస్తాకూ మధ్య వుండే ఒరిపిడి అతనికి సాయపడుతుంది. అతడు కొద్దిగా ఆనితే చాలు, బస్తా నిలుస్తుంది. అదే బస్తాను అదే పలక మీద పైకి నెట్టవలసి వస్తే, బస్తా బరువుకు తోడు ఒరిపిడి కూడా అతనికి ఎదురు తిరుగుతుంది. ఒరిపిడి ఎప్పుడూ కదలికకు అడ్డుపడుతుంది. గోడ వెనుక ఇసుక ముక్కోణం ఆ బస్తా, ఏటవాలు గీత ఆ పలక, గోడ ఆ హమాలీ. గోడ బయటికి ఒదిగితే ఇసుక కిందికి జారబోతుంది, ఒరిపిడి దానిని పట్టి ఆపుతుంది, గోడ మీద భారం తగ్గుతుంది. గోడ లోపలికి వస్తే ఇసుక పైకి ఎక్కవలసి వస్తుంది, ఒరిపిడి ఎదురు తిరుగుతుంది, భారం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఎన్ని రెట్లు అన్నది కూడా లెక్క కట్టి చూపుతాము. గోడ ఎత్తు 3 మీటర్లు, అనగా సుమారు పది అడుగులు. పొడి ఇసుక ఘనపు మీటరుకు 1.6 టన్నులు. ఇసుక ఒరిపిడి కోణం 30 డిగ్రీలు. ఒక్కొక్క మీటరు గోడ పొడవు మీద, గోడ బొత్తిగా కదలకుండా వుంటే సుమారు 3.6 టన్నుల ఒత్తిడి వుంటుంది. గోడ తగినంత బయటికి ఒదిగితే అది 2.4 టన్నులకు దిగుతుంది. ఇసుకను లోపలికి నెట్టి పూర్తిగా పైకి లేపవలెనంటే 21.6 టన్నులు కావలె. అనగా ఒదిగిన గోడ మీది భారానికి తొమ్మిది రెట్లు!

మరి భారం తగ్గడానికి గోడ ఎంత ఒదగవలె? ఇది వింటే ఆశ్చర్యపోతారు. గట్టిగా కూరిన ఇసుక అయితే గోడ ఎత్తులో వెయ్యో వంతు చాలును. పది అడుగుల గోడకు 3 మిల్లీమీటర్లు! కంటికి ఆనని కదలిక. వదులు ఇసుకకు ఇంతకంటె కొన్ని రెట్లు కావలె. లోపలికి నెట్టినప్పుడు ఇసుక పూర్తి బలం బయటపడవలెనంటే మాత్రం గోడ ఎత్తులో వందకు కొన్ని వంతులు కదలవలసి వుంటుంది.

ఈ విషయం కనిపెట్టడానికి మనుషులకు చాలా కాలం పట్టింది. కూలం అనే ఫ్రెంచి సైనిక ఇంజనీరు పేరు విద్యుత్తు పాఠాలు చదివిన పిల్లలందరికీ తెలుసు. ఆయన కరేబియన్ సముద్రంలోని మార్టినిక్ దీవిలో 1764 నుంచి 1772 వరకు కోట కట్టించే పనిలో వున్నాడు. ఆ గోడల అనుభవంతో వ్రాసిన వ్యాసాన్ని 1773లో పారిస్ విజ్ఞాన అకాడమీలో చదివాడు. 1776లో అది అచ్చయింది. ఇసుక ముక్కోణపు ముక్కగా జారుతుందన్న లెక్క అందులోనే వున్నది. 1857లో స్కాట్లండుకు చెందిన రాంకిన్ వేరే దారిలో లెక్కకట్టి, ఇంజనీర్లకు సులభమైన సూత్రాలు ఇచ్చాడు. ఇద్దరి లెక్కలూ నేటికీ కళాశాలలలో చెబుతున్నారు.

అయితే ఆ లెక్కలలో ఒక వెలితి వుండేది. గోడ ఎంత కదిలితే ఎంత ఒత్తిడి అన్నది వాటిలో లేదు. ఆ సంగతి తేల్చినవాడు కార్ల్ టెర్జాగీ. ఆయన ఇస్తాంబులులోని రాబర్ట్ కళాశాలలో వుండగా, చేతికందిన సామానుతో ఇసుక పెట్టెలు తయారుచేసుకొని, గోడను జరుపుతూ ఒత్తిడి తూచాడు. 1920లో ఆ ఫలితాలు ప్రకటించాడు. ఆ తరువాత అమెరికాలో పెద్ద గోడ కట్టి మళ్లీ పరీక్షించి, 1934లో ప్రచురించాడు. ఒత్తిడిని నిర్ణయించేది ఇసుక ఒక్కటే కాదు, గోడ కదలిక కూడా అని అప్పటి నుంచి స్థిరపడింది.

లోపల రేణువులు ఎట్లా కదులుతవో చూడడానికి 1960లలో కేంబ్రిడ్జిలో రోస్కో అనే ఆచార్యుని బృందం వారు ఇసుకలో సీసపు గుళ్లు వరుసగా పాతి, ఎక్స్‌రే తీశారు. గోడ కదిలినకొద్దీ ఆ గుళ్లు ఎటు జరిగినవో పటంలో కనిపించేది. 2003 నాటికి అదే కేంబ్రిడ్జి వారు కెమెరా చిత్రాలను గణక యంత్రంతో సరిపోల్చి, రేణువుల కదలికను మరింత సూక్ష్మంగా కొలిచే పద్ధతిని ప్రకటించారు. గాజుతొట్టిలో ఇటుకపొడి గీతలతో మనం చేసే పనికి అవన్నీ పెద్దన్నలు.

ఇక్కడ మరొక ముచ్చట. గట్టిగా కూరిన ఇసుక జారేటప్పుడు రేణువు మీద రేణువు ఎక్కి దాటవలసి వస్తుంది. అందుచేత ఆ గీత దగ్గర ఇసుక ఉబ్బుతుంది. 1885లో రేనాల్డ్స్ యీ సంగతి చెప్పాడు. సముద్రపుటొడ్డున తడి ఇసుక మీద పాదం మోపితే చుట్టూ ఒక్కసారి పొడిబారినట్టు కనిపించడం మనలో చాలామంది చూచే వుంటారు. రేణువుల మధ్య సందులు పెరిగి, పైనున్న నీరు వాటిలోకి ఇంకడమే అందుకు కారణం. గోడ వెనుక కూడా అదే జరుగుతుంది. ఉబ్బి వదులైన ఆ గీత మళ్లీ మునుపటి గట్టితనానికి రాదు. తరువాత జారడానికి అదే దారి అవుతుంది.

ఇప్పుడు మామగారి మాటకు వద్దాము. "వాలింది, ఆగింది" అన్నారు. అందులో నిజం వున్నది. గోడ కొద్దిగా ఒదిగితే భారం తగ్గుతుంది గనుక, ఎన్నో పాత గోడలు కొంచెం వాలి, అక్కడే తరతరాలు నిలిచిపోయినవి. కాని ఆ తగ్గుదలకు ఒక హద్దు వున్నది. 2.4 టన్నులకు దిగిన తరువాత గోడ ఇంకెంత వాలినా భారం తగ్గదు. ఒరిపిడి చేయగల సాయమంతా అప్పటికే చేసివేసింది. వారి గోడకు ఆ హద్దు కొన్ని మిల్లీమీటర్ల దగ్గరే దాటిపోయింది. ఇప్పుడు వాలినది రెండు అంగుళాలు, అనగా 50 మిల్లీమీటర్లు. అందుచేత ఇరవై ఏళ్ల కిందటి వాలుడు వేరు, ఇప్పటి వాలుడు వేరు. మొదటిది గోడ సర్దుకోవడం. రెండవది గోడ ఓడిపోవడం.

మరి ఇన్నేళ్లు నిలిచినది ఇప్పుడెందుకు ఓడుతున్నది? మా అనుమానం నీటి మీద. ఇసుకకు ఒరిపిడి వున్నది, నీటికి లేదు. నీరు గోడను పూర్తి బలంతో తోస్తుంది. గోడ ఒదిగినా దయ చూపదు. అదే మూడు మీటర్ల గోడ వెనుక పైదాకా నీరు నిలిస్తే, నీరు ఒక్కటే మీటరుకు 4.5 టన్నులు తోస్తుంది. నీటిలో మునిగిన ఇసుక తేలికై 1.5 టన్నులు తోస్తుంది. మొత్తం 6 టన్నులు. పొడిగా వున్నప్పటి 2.4 ఎక్కడ, యీ 6 ఎక్కడ! అందుకే గోడలు ఎండాకాలంలో వాలుతూ, వానాకాలంలో కూలుతవి.

గోడ అడుగున నీరు పోవడానికి మేస్త్రీలు తూములు విడుస్తారు. పాములు వస్తవని, ఎలుకలు వస్తవని, చూడడానికి బాగుండదని ఇంటివారే వాటిని సిమెంటుతో మూసివేయడం మేము పలుచోట్ల చూశాము. పాము భయం నిజమే. దానికి జల్లెడ బిగించవలె గాని, తూము మూయరాదు.

ఇక వారి భర్తగారి మాట. జాకీలతో వెనక్కు నెట్టడం ఎందుకు కూడదో గాజుతొట్టి మనకు చెప్పింది. గోడ బయటికి వచ్చినప్పుడు ఏర్పడిన ఖాళీలో ఇసుక దిగి కూర్చున్నది. అది తిరిగి పైకి ఎక్కదు. గోడను నెట్టడమంటే ఆ ఇసుకను ఎత్తడమే. 2.4 టన్నులు మోయలేని గోడను, 21 టన్నుల దాకా పెరగగల ఎదురుబలానికి వ్యతిరేకంగా నెట్టినట్టు అవుతుంది. అందులో సగం వచ్చినా రాతిగోడ నడుము విరుగుతుంది. బీటలో సిమెంటు పోసి ఊరుకోవడం కూడా మందు కాదు. బీట రోగం కాదు, రోగం చెప్పే నాడి. సిమెంటు పోస్తే నాడి కనిపించకుండా పోతుంది, రోగం అట్లాగే వుంటుంది. నీరు దిగకుండా దాని మీద టార్పాలిన్ కప్పవచ్చును; అంతవరకే.

అయితే చేయవలసినదేమిటి? మా సలహా వరుసగా వ్రాస్తున్నాము. యీ వరుస మార్చవద్దు.

మొదటిది, పల్లంలోని ఆ రేకుల ఇంటివారికి యీ రోజే సంగతి చెప్పి, గోడ బాగయ్యేదాకా వారిని దూరంగా వుంచవలె. అందుకయ్యే ఖర్చు గోడ గలవారిది.

రెండవది, నీరు. దాబా మీది వాననీరు, స్నానాలగది నీరు ఆ పెరటిలో ఇంకకుండా దారి మళ్లించవలె. కుళాయి గొట్టం ఎక్కడైనా కారుతున్నదేమో చూడవలె.

మూడవది, బరువు. గోడకు ఆరడుగుల లోపల నీళ్లతొట్టి, ఇటుకల రాశి, కారు, పూలకుండీల వరుస, ఏదీ వుండరాదు. జారే ముక్కోణం మీద పెట్టిన ప్రతి బరువులోనూ కొంత భాగం గోడ మీదికే పోతుంది.

నాలుగవది, గోడ కింద వైపు పాదం దగ్గర మట్టి తవ్వరాదు. బయటి వైపు గోడ పాదాన్ని ఆపుతున్నది ఆ మట్టే. బెంగుళూరు వంటి పట్టణాలలో పక్క స్థలంవారు సెల్లారు తవ్వేటప్పుడు యీ ముప్పే వస్తుంది. మీ గోడ పక్కన తవ్వకం మొదలైతే చూస్తూ ఊరుకోకండి.

ఐదవది, కొలత. గోడ పై అంచు నుంచి దారానికి గుండు కట్టి వేలాడదీసి, దారానికీ గోడ అడుగుకూ వున్న దూరం ప్రతి రోజూ ఒకే వేళకు కొలిచి, క్యాలెండరు మీద వ్రాయండి. బీటకు రెండు పక్కలా మేకులు కొట్టి, వాటి మధ్య దూరమూ వ్రాయండి. అంకె పెరుగుతున్నదంటే గోడ ఆగలేదన్న మాట.

ఆరవది, నిర్మాణ ఇంజనీరును పిలిచి చూపించడం. మా కాగితపు లెక్క పొడి ఇసుకకు వేసినది. షోలాపూరు వైపు నల్లరేగడికి యీ లెక్క పనికిరాదు, తడిస్తే ఆ మట్టి తానే ఉబ్బి తోస్తుంది. స్థలం చూడకుండా ఎవరూ తుది మాట చెప్పలేరు. గోడ విప్పవలసి వస్తే, ముందు వెనుక ఇసుకను పై నుంచి తీసుకుంటూ, దానితో పాటే గోడనూ పై నుంచి దించవలె. ఇసుక వుండగా గోడ అడుగు కదిపితే ప్రమాదం. కొత్త గోడకు వెనుక కంకర పొర, దాని అడుగున తూములు వుండవలెనని పట్టుబట్టండి.

పాఠకులలో కొందరు "ఒక పెరటి గోడకు ఇంత హడావుడి ఎందుకు?" అనవచ్చు. 2019 జూన్ 29న పుణెలోని కొంఢ్వాలో వానకు గోడ కూలి, దాని కింద గుడిసెలలో నిద్రిస్తున్న కూలివారి కుటుంబాలలో 15 మంది పోయారు. అదే సంవత్సరం డిసెంబరు 2న కోయంబత్తూరు జిల్లా మేట్టుపాళయం దగ్గర నడూరులో గోడ పక్క ఇళ్ల మీద పడి 17 మంది పోయారు. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో చందనోత్సవం నాడు అప్పన్న దర్శనానికి వరుసలో నిలబడిన భక్తుల మీద వానలో గోడ కూలి ఏడుగురు మరణించారు. కారణాలు ఒక్కొక్క చోట ఒక్కొక్క విధం. కాని మూడింటా వాన వున్నది. మూడింటా చనిపోయినవారు ఆ గోడ కట్టుకున్నవారు కారు. దాని పక్కన, దాని కింద వున్నవారు.

గోడ విషయంలో అందరూ గుర్తుంచుకోవలసిన న్యాయం ఇదే. మట్టిని ఆపే గోడ మెరక మీదివారి సొత్తు, దాని ప్రమాదం పల్లంలోనివారిది. మెరక మీది ఇంటికి బీట మాత్రమే కనిపిస్తుంది. పల్లంలోని ఇంటికి ఆ బీట కూడా కనిపించదు. కనిపించినవారే కనిపించనివారికి చెప్పవలె.

ఆ సోదరికి మా జవాబు ఇది. అమ్మా, మీ మామగారి మాట ఒకప్పుడు ఒప్పు. మీ వారి మాట ఎప్పుడూ ఒప్పు కాదు. వారిద్దరూ తేల్చుకొనేదాకా ఆగకండి. యీ సంచిక మీ చేతికి అందిన రోజే, వెనక గుమ్మం దిగి, ఆ రేకుల ఇంటి తల్లిని పలకరించి, పిల్లలను తీసుకొని మీ ఇంటికి రమ్మనండి. గోడ సంగతి తరువాత చూసుకోవచ్చును.